"2004 పొర ఏదమ్మా?": సముద్రపు అడుగు మట్టిలో భూకంపాలు వెతికిన ఒక కేసు

ఈ కేసులో మనుషులు, ఓడ, కచ్చితమైన చోటు తెలియకుండా కొన్ని వివరాలు వదిలేశాను, కొన్ని మార్చాను. అండమాన్–సుమత్రా అంచున ఒక చోటు అనుకోండి, చాలు. కోర్లకు, అంటే సముద్రం అడుగున గొట్టం గుచ్చి పైకి తీసిన మట్టి స్తంభాలకు, ఏ, బి, సి అన్న పేర్లు కూడా ఇక్కడి కోసం పెట్టినవే. ఎక్కడ ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నాం, ఎక్కడ బోర్లా పడ్డాం అన్నది మాత్రం ఉన్నదున్నట్టు రాశాను. పరిశోధన పత్రంలో ఫలితానికే చోటు ఉంటుంది, పడ్డ పాట్లకు ఉండదు. ఈ కేసులో పనికొచ్చేదంతా ఆ పాట్లలోనే ఉంది.

నేపథ్యం

వరద తీశాక పొలంలో ఏం మిగిలిందన్నది గోదావరి లంకల్లో రైతును అడగాలి. ఒండ్రు పడితే పంట. ఇసుక మేట వేస్తే ఆ ఏడు అంతే సంగతులు. వడిగా పారే నీళ్లు ఇసుకను మోసుకొస్తాయి, వడి తగ్గాక సన్నమట్టిని దించుతాయి. లంక గట్టు కోసుకుపోయిన చోట నిలబడి చూస్తే పాత వరదలు చారల్లా కనిపిస్తాయి.

సముద్రం అడుగున ఇలాంటి పని చేసేది టర్బిడిటీ ప్రవాహం. ఖండం అంచున వాలు మీద ఏళ్ల తరబడి బురద పేరుకుంటుంది. భూమి గట్టిగా కంపిస్తే ఆ బురద జారి, నీళ్లలో కలిసి, చుట్టూ ఉన్న నీటికంటే బరువైన మడ్డిగా మారి లోయల వెంట కిందికి దూసుకుపోతుంది. వడి తగ్గిన చోట ముందు ముతక ఇసుక, దాని మీద సన్న ఇసుక, ఆపైన సిల్టు, చివరికి బంకమన్ను దిగుతాయి. ఈ పొర పేరు టర్బిడైట్. రెండు టర్బిడైట్ల మధ్య ఉండేది, ప్రశాంతంగా ఉన్న వందల ఏళ్లలో పైనుంచి రాలిన సన్నటి బురద, కంటికి ఆనని జీవుల గుల్లలు. శాస్త్రంలో దానికి పెద్ద పేరు ఉంది. ఇక్కడ మామూలు బురద అనే అంటాను.

ఇది ఊహ కాదని చూపించిన సంఘటన 1929 నవంబర్ 18న జరిగింది. కెనడా తూర్పున గ్రాండ్ బ్యాంక్స్ దగ్గర 7.2 తీవ్రతతో భూకంపం వచ్చింది. అట్లాంటిక్ అడుగున 12 టెలిగ్రాఫ్ కేబుళ్లు తెగాయి. దగ్గరివి వెంటనే, దూరంవి గంటల తేడాతో, వాలు దిగే వరుసలోనే తెగాయి. అది కిందికి పరుగెత్తిన మడ్డి ప్రవాహం పనేనని 1952లో హీజెన్, యూయింగ్ అన్న ఇద్దరు శాస్త్రవేత్తలు లెక్క కట్టి చెప్పారు.

పొరల్ని బట్టి పాత భూకంపాలు లెక్కపెట్టవచ్చన్న ఆలోచనకు కాళ్లు వచ్చింది అమెరికా పడమటి తీరాన, కాస్కేడియాలో. జాన్ ఆడమ్స్ అన్న శాస్త్రవేత్త 1990లో చేసిన తర్కం నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. వేర్వేరు కాన్యన్ల నుంచి, అంటే సముద్రం అడుగున ఉండే లోతైన లోయల నుంచి, వచ్చే పాయలు అక్కడ కలుస్తాయి. సుమారు 7,700 ఏళ్ల కిందటి మజామా అగ్నిపర్వతపు బూడిద తర్వాత, కలవక ముందు పాయల్లో 13 పొరలున్నాయి. ఒక్కో పాయలో ప్రవాహం దానికదే వేరే రోజున పుట్టి ఉంటే, కలిసిన తర్వాత చోట పొరలు రెట్టింపు కావాలి. అక్కడా 13 మాత్రమే ఉన్నాయి. అంటే పాయలన్నీ ప్రతిసారీ ఒకేసారి కదిలాయి. దూరదూరంగా ఉన్న కాన్యన్లను ఒకేసారి కదిపేది భూకంపం కాక ఇంకేముంటుంది?

చదివినప్పుడు ఇంతేనా అనిపిస్తుంది. మన దగ్గర కోర్ తీసి టేబుల్ మీద పెట్టుకున్నాక తెలుస్తుంది అసలు సంగతి.

సమస్య నా దగ్గరికి వచ్చిన తీరు

ఒక పరిశోధక విద్యార్థిని థీసిస్ కమిటీలో నేను మూడో మనిషిని. గైడ్‌ని కాను. ఒకరోజు ఆ అమ్మాయి నాలుగున్నర మీటర్ల ఏ కోర్ ఫొటోలు వరసగా అతికించిన పొడవాటి కాగితం తెచ్చి బల్ల మీద పరిచింది.

"మేడం, పదకొండు వచ్చాయి."

పదకొండు ఇసుక పొరలు. ప్రతిదాని పక్కన ఎర్ర పెన్నుతో 'భూకంపం' అని రాసి ఉంది. అందులో ఆరు అడుగున ఒకటిన్నర మీటరులో గుంపుగా ఉన్నాయి. ఆ గుంపుకు పెద్ద బ్రాకెట్ పెట్టి 'భూకంపాలు ఎక్కువగా వచ్చిన కాలం' అని రాసింది. పదకొండు భూకంపాలని చెబుతూ ఒక సదస్సుకు అబ్‌స్ట్రాక్ట్ కూడా అప్పటికే వెళ్లిపోయింది. నాకు చూపించేసరికి వెనక్కి తీసుకునే గడువు దాటింది. టెన్షన్ అంతా అదే.

పొరలు బాగున్నాయి, అందులో సందేహం లేదు. అడుగున గీత గీసినట్టు తెగిన అంచు, కింద ముతక, పైకి సన్నం. పుస్తకంలో బొమ్మలా ఉన్నాయి. నేను ఒకటే అడిగాను.

"2004 పొర ఏదమ్మా?"

"పైదే అయి ఉండాలి మేడం."

పైపొర 22 సెంటీమీటర్ల లోతున ఉంది. కోర్ తీసింది 2004 తర్వాత సుమారు పదేళ్లకు. పదేళ్లలో అంత బురద పడాలంటే ఆ చోటు మీద నది పారాలి. ఆ అమ్మాయికి వెంటనే అర్థమైంది. ముఖం చిన్నబోయింది.

2004 డిసెంబర్ 26న వచ్చినది 9.1 తీవ్రత. ఉత్తర సుమత్రా నుంచి అండమాన్ దాకా దాదాపు 1,300 కిలోమీటర్ల పొడవున భూమి జారింది. ఆ రోజు మన కోస్తాలో సముద్రం ఎక్కడిదాకా వచ్చిందో చాలామందికి గుర్తుంది. అంతటి భూకంపానికి గుర్తు లేని కోర్‌లో వేల ఏళ్ల కిందటి భూకంపాలు పదకొండు ఉన్నాయని ఎలా నమ్మాలి? నమ్మకూడదని కాదు. ఈ ప్రశ్నకు జవాబు వచ్చేదాకా మిగతాదేదీ మొదలుపెట్టకూడదని నా పట్టు. నా మాట అప్పుడు ఎవరూ వినలేదు, పూర్తిగా నేను కూడా వినలేదు. సదస్సు తరుముకొస్తోంది కాబట్టి ముందు వయసులు కట్టడం మొదలుపెట్టాం.

వయసులతో పడిన పాట్లు

మొదటి బ్యాచ్ నమూనాలు పొరల లోపలి నుంచే తీశారు. మట్టిలో ఉన్న మొత్తం సేంద్రియ కార్బన్‌కి రేడియోకార్బన్ తేదీలు. ఎందుకంటే అది సులువు. చెంచాడు మట్టి తీసి పంపితే చాలు. వచ్చిన ఫలితంలో పై పొర కింది పొరకంటే ముసలిది. ఒక చోట కాదు, రెండు చోట్ల.

ఇది ల్యాబ్ తప్పు కాదు. టర్బిడైట్‌లో ఉన్న మట్టి ఆ రోజు పుట్టింది కాదు, వాలు మీద ఎన్నో వందల, వేల ఏళ్లుగా ఉన్నది జారి వచ్చింది. దానికి వయసు కడితే మట్టి వయసు వస్తుంది కానీ అది జారిన రోజు రాదు. పాత ఇల్లు పడగొట్టిన ఇటుకలతో కొత్త ఇల్లు కట్టుకున్నవాడిని ఇటుక చూసి గృహప్రవేశం తేదీ చెప్పమన్నట్టు ఉంటుంది.

అందుకే వయసు కట్టాల్సింది పొరకి కాదు, పొర కింద ఉన్న మామూలు బురదకి. ప్రవాహం రాకముందు ప్రశాంతంగా రాలిన ఆఖరి గుల్లల వయసు తెలిస్తే, ప్రవాహం ఆ తర్వాత వచ్చిందని చెప్పవచ్చు. ఇందులోనూ చిక్కు ఉంది. ప్రవాహం వస్తూ వస్తూ కింది బురదను కొంత గీక్కుపోతుంది. గీక్కుపోయిన మందం ఎంతో అంత మేర వయసు ముసలిగా కనిపిస్తుంది. పొర అడుగు అంచు చదునుగా ఉందా, గోరుతో రక్కినట్టు ఉందా అని ప్రతి పొరకీ చూసి, రక్కినట్టున్న వాటిని తేదీల జాబితా నుంచి తప్పించాం. డబ్బు ఉన్నది కొన్ని తేదీలకే. అనుమానం ఉన్న పొర మీద ఒక తేదీ ఖర్చు చేయడం కన్నా దాన్ని తెలియదు అని వదిలేయడం మేలు అనుకున్నాం.

ఏరే పని గురించి కూడా చెప్పాలి. ఒక్కో తేదీకి ఫొరామినిఫెరా అనే సూక్ష్మ సముద్రజీవుల గుల్లలు కొన్ని వందలు కావాలి. నీటి పైభాగంలో బతికే జాతులవే కావాలి, మేం రూబర్, సాక్యులిఫర్ రెండూ వాడాం. మైక్రోస్కోప్ కింద తడి బ్రష్ కొనతో ఒక్కొక్కటే ఎత్తాలి. బియ్యంలో రాళ్లు ఏరడం దీని ముందు ఆట. విరిగినవి, మురికి పట్టినవి, లోపల సున్నం పెరిగినవి పనికిరావు. ఆ అమ్మాయి రెండు నెలలు అదే పనిలో ఉంది. మెడ పట్టేసిందని ఫిజియోథెరపీకి కూడా వెళ్లింది.

వచ్చిన సంఖ్యను కూడా అలాగే తీసుకోకూడదు. సముద్రపు పైనీటిలో కార్బన్ గాలిలోదాని కంటే పాతగా కనిపిస్తుంది. ప్రపంచం మొత్తం మీద సగటున ఇది 400 ఏళ్లు అని చాలాకాలంగా వాడుతున్న లెక్క. దాని మీద ఆ ప్రాంతపు దిద్దుబాటు వేరే. అన్నీ చేశాక మా తేదీలు ఒక్కోటి రెండు మూడు వందల ఏళ్ల వెడల్పుతో వచ్చాయి. ఇది గుర్తుపెట్టుకోండి, ముందు మళ్లీ పనికొస్తుంది.

గీతలు కలిపే ఆట

తేదీలు తక్కువ కాబట్టి ఏ, బి కోర్లు రెండిటినీ గీతల ఆధారంగా కలుపుదామన్నారు గైడ్. కోర్ పొడవునా అయస్కాంత స్వభావం కొలిస్తే ఇసుక ఉన్న చోట గీత పైకి లేస్తుంది, బురద దగ్గర పడిపోతుంది. ఒక కోర్‌లో రెండు శిఖరాలు, చిన్న బుడిపె, మళ్లీ శిఖరం ఉంటే, పక్క కోర్‌లో అదే వరుస వెతికి ఇదీ అదీ ఒకటే అనడం. కాస్కేడియాలో క్రిస్ గోల్డ్‌ఫింగర్ బృందం ఇలాంటి పోలికల మీద చాలా పని చేసింది. 10,000 ఏళ్లలో తీరం పొడవునా కదిపిన భూకంపాలు 19 అని 2012లో ప్రచురించింది. అదే తీరం మీద బ్రయన్ అట్‌వాటర్ తదితరులు 2014లో ఆ పోలికలను అంత గట్టిగా నమ్మలేమని రాశారు. ఇద్దరిదీ చదివినవాళ్లకు చేయి కాస్త వణకాలి.

మా ఏ, బి కోర్ల గీతలు చూడగానే కలిశాయి. అదే నాకు నచ్చలేదు. అంత త్వరగా కలిస్తే కన్ను కలుపుతోందా, మట్టి కలుస్తోందా?

ఒక పరీక్ష పెట్టాను. ఏ కోర్ గీత, దానితో పోల్చడానికి రెండు గీతలు వేర్వేరు పారదర్శక షీట్ల మీద ప్రింట్ తీయించాను. లోతులు, పేర్లు తీసేశాను. ఆ రెండిట్లో ఒకటి మా బి కోర్, రెండోది ఈ సముద్రానికి ఏ సంబంధం లేని వేరే మహాసముద్రపు కోర్. ల్యాబ్‌లో ముగ్గురికి ఇచ్చి, ఏ ఏ శిఖరాలు కలుస్తాయో గీయమన్నాను. ముగ్గురూ మూడు రకాలుగా కలిపారు. వాళ్లలో ఒకరు, అందరికంటే అనుభవం ఉన్నవారు, పరాయి సముద్రపు కోర్‌ని మా ఏ కోర్‌తో అద్భుతంగా కలిపి, ఇవి పక్కపక్కన తీసినవే కదా అన్నారు.

కాకి వాలింది, తాటిపండు పడింది. కాకతాళీయం అన్న మాటకి అంతకంటే మంచి బొమ్మ నేను చూడలేదు. ఆ షీట్లు ఇప్పటికీ నా గది గోడకు ఉన్నాయి. గీతల పోలికను పూర్తిగా మానేయలేదు గానీ, ముందు తేదీ కలిసిన పొరల మీదే గీత చూడాలి, గీత కలిసిందని తేదీ సర్దకూడదు అని నియమం పెట్టుకున్నాం.

మజామా లాంటి బూడిద పొర మాకు ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. మన వైపు పేరున్న బూడిద టోబాది, దాదాపు 74,000 ఏళ్ల కిందటిది. జ్వాలాపురంలో, అంటే అప్పటి కర్నూలు జిల్లాలో, నేల కింద కూడా అది దొరికింది. మా కోర్ అడుగు వయసు ఇరవై వేల ఏళ్లు దాటలేదు. అంత లోతు గొట్టం మా దగ్గర లేదు.

గుంపు గురించి

ఏ కోర్ అడుగున ఆరు పొరల గుంపు సంగతి తేలికగానే తేలింది. కొత్త తేదీల్లో ఆ భాగం వయసు మంచుయుగం చివరికి వెళ్లింది. అప్పుడు సముద్ర మట్టం ఇప్పటి కంటే వంద మీటర్లకు పైగా తక్కువ. ఇప్పుడు తీరానికి దూరంగా ఉన్న కాన్యన్ తలలు అప్పుడు నదుల నోళ్ల దగ్గరికి వచ్చేశాయి. వానాకాలపు ఇసుక నేరుగా లోయలోకి దిగేది. పొరలు గుబురుగా ఉండటానికి అది చాలు, భూకంపాలు ఎక్కువ కానక్కర్లేదు. ఆ పొరల్లో ఆకుల తునకలు, తీరప్రాంతపు గుల్లలు కూడా కనిపించాయి. ఎర్ర పెన్ను బ్రాకెట్‌ను ఆ అమ్మాయే కొట్టేసింది. పదకొండులో ఐదు మిగిలాయి.

2004 కోసం వేట

ఇక మొదటి ప్రశ్న దగ్గరికి తిరిగి వచ్చాం. అక్కడే మొదలుపెట్టి ఉంటే ఆరు నెలలు మిగిలేవి.

ఏ కోర్‌లో 2004 లేకపోవడానికి రెండు కారణాలు ఉండవచ్చు. భూకంపం అక్కడ పొర వేయలేదు, లేదా వేసింది గానీ మా కోర్‌లోకి రాలేదు. ఈ రెండూ వేరు, రెంటికీ అర్థాలు వేరు. సుమత్రా దగ్గర ఇదే గొడవ జరిగింది. 2004 భూకంపపు పొర దొరికిందని ఒక బృందం రాస్తే, చూసిన చాలాచోట్ల ఈ మధ్య పడిన పొరే లేదని 2013లో ఇంకో బృందం రాసింది. రెండూ చదివి ఎవరో ఒకరు తప్పు అనుకోనక్కర్లేదు. చోటు చోటుకీ తేడా ఉంటుంది.

మా కోర్ తీసింది గ్రావిటీ కోరర్‌తో. బరువు కట్టిన ఉక్కు గొట్టం వడిగా దిగి మట్టిలో గుచ్చుకుంటుంది. అడుగు తాకబోయే క్షణంలో దాని ముందున్న నీటి తోపుకే పైన ఉన్న మెత్తటి బురద చెదిరిపోతుంది. పైన కొన్ని సెంటీమీటర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, పోతాయి. ఇప్పుడు లెక్క చూడండి. అక్కడ మామూలు బురద వెయ్యేళ్లకు సుమారు 15 సెంటీమీటర్లు పడుతోందని తేదీలు చెప్పాయి. పదేళ్లకు ఒకటిన్నర మిల్లీమీటరు. అంటే 2004 పొర ఉంటే సముద్రపు అడుగు మీద, దుమ్ములాంటి పూత కింద, అన్నిటికంటే పైన ఉండాలి. మా గొట్టం పారేసుకున్నది సరిగ్గా ఆ భాగాన్నే. తేదీ తెలిసిన ఒకే ఒక్క పొరను వదిలేసి, తేదీ తెలియని వాటన్నిటినీ జాగ్రత్తగా పైకి తెచ్చుకున్నాం.

పై పొరను చెదరకుండా తీసేది మల్టీకోరర్. చట్రం మెల్లగా అడుగున వాలి, పారదర్శక గొట్టాలు నెమ్మదిగా దిగుతాయి, పైన ఉన్న నీళ్లు కూడా తేటగానే వస్తాయి. అదే ప్రయాణంలో వేరే జట్టు సూక్ష్మజీవుల కోసం మల్టీకోర్లు తీసిందని ఓడ లాగ్‌బుక్‌లో కనిపించింది. రెండు వారాలు ఫోన్లు చేశాక, ఏ దగ్గరివి అయిపోయాయని, బి దగ్గరిది ఒక గొట్టం మాత్రం కోల్డ్ స్టోర్‌లో చుట్టి ఉందని తెలిసింది. అదృష్టం అనే మాట నాకు ఇష్టం ఉండదు గానీ ఇది అదే.

బి చోటు గురించి ఇక్కడ చెప్పాలి. ఏ కోర్ ఉన్నది దీవుల చుట్టూ లోతు తక్కువగా ఉండే షెల్ఫ్ నుంచి వచ్చే లోయకు కింద. తుఫాను, వరద, భూకంపం, ఏది పంపినా అక్కడికి మట్టి వస్తుంది. బి అలా కాదు. ట్రెంచ్ అనే లోతైన సముద్రపు అగడ్త వైపు వాలు మీద, నాలుగు వైపులా మిట్టలున్న చిన్న గిన్నెలాంటి బేసిన్. షెల్ఫ్ నుంచి దానికి దారి లేదు. తుఫాను అలల తాకిడి అంత లోతుకు చేరదు. ఆ గిన్నెలోకి ఇసుక, సిల్టు రావాలంటే దాని గోడలే కూలాలి. మూడోది, సి, ఒక మిట్ట నెత్తిన తీసిన కోర్. దానికి పైనుంచి బురద రాలడమే తప్ప పక్కనుంచి ఏదీ పారి రాదు. సి లో ఒక్క పొర కూడా లేదు. మొదట్లో పనికిరాని కోర్ అని దాన్ని విప్పకుండా పక్కన పెట్టేశారు. నిజానికి బి లో ఉన్నవి పారి వచ్చినవే తప్ప పైనుంచి రాలినవి కావని చెప్పే సాక్షి అదే.

బి మల్టీకోర్ తెరిచినప్పుడు పైన గోధుమరంగు పూత, ఒకటి రెండు మిల్లీమీటర్లు. దాని కింద మూడు సెంటీమీటర్ల బూడిదరంగు సిల్టు, పురుగులు ఇంకా తొలవలేదు, చారలు చెదరలేదు. దాని కింద తెగిన అంచు.

ఇది 2004 అని సంతోషపడటానికి ముందు మిగతావి తోసిపుచ్చాలి. ఆ ప్రాంతంలో చరిత్రకు తెలిసిన పెద్ద భూకంపాలు ఇంకా రెండున్నాయి. 1881 డిసెంబర్ 31న కార్ నికోబార్ దగ్గర ఒకటి, 1941 జూన్‌లో అండమాన్‌ది ఒకటి. పొరలో లెడ్-210 కొలిపించాం, సహజంగా పుట్టి కాలంతో తరిగిపోయే రేడియోధార్మిక సీసం అది. దాని అర్ధాయువు సుమారు 22 ఏళ్లు, వందేళ్లు దాటితే దాదాపు ఏమీ మిగలదు. సిల్టు పొరలో అది తక్కువగా, పైనుంచి కిందిదాకా దాదాపు ఒకేలా ఉంది. ఒక్కసారిగా కలిసి పడిన మట్టి అలాగే ఉంటుంది. సీసియం-137 కూడా బొటాబొటిగా కనిపించింది. అది 1950ల అణుపరీక్షల తర్వాతే సముద్రంలోకి వచ్చింది. కాబట్టి 1881, 1941 రెండూ పోయాయి. తర్వాత మిగిలినవాటిలో, అంత తాజా పొర వేయగలిగింది 2004 ఒక్కటే.

కొలతలన్నిట్లో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆ పొర కింది బురద. తెగిన అంచుకు దిగువన అదనపు లెడ్-210, అంటే పైనుంచి రాలి చేరేది, లేనే లేదు. 2003లో అది సముద్రపు అడుగు అయి ఉంటే అక్కడ నిండా ఉండాలి. అంటే 2004 ప్రవాహం వస్తూ కనీసం కొన్ని సెంటీమీటర్లు గీక్కుపోయింది. 15 సెంటీమీటర్లు వెయ్యేళ్లు అయిన చోట కొన్ని సెంటీమీటర్లంటే కొన్ని వందల ఏళ్లు. 1881, 1941 అక్కడ పొరలు వేశాయో లేదో ఇక ఎవరూ చెప్పలేరు. వేసి ఉన్నా 2004 తుడిచేసింది.

ఒక పెద్ద భూకంపం తన గుర్తును రాస్తూ ముందువాళ్ల గుర్తును చెరిపేసిందన్నమాట. కింది పొరలు కూడా అలాగే చేసి ఉంటాయి కదా!

ఎంత చెప్పగలిగాం

బి బేసిన్ 2004ను నమోదు చేసింది. కాబట్టి అలాంటి భూకంపాన్ని నమోదు చేయగలదు. ఈ ఒక్క వాక్యం చేతిలోకి వచ్చాకే కింది పొరల జోలికి వెళ్లాం. కాస్కేడియాలో కూడా అన్నిటికంటే పై పొరకు తేదీ తెలిసిన తోడు ఉంది. 1700 జనవరి 26న వచ్చిన భూకంపం అది, జపాన్‌లో నమోదైన సునామీ వల్ల రోజుతో సహా తెలిసింది. న్యూజిలాండ్‌లో 2016 నవంబర్‌లో కైకౌరా భూకంపం వచ్చినప్పుడు వెంటనే ఓడ వెళ్లి తాజా పొరను చూసింది. తెలిసినదాన్ని ముందు కొలిచి తెలియనిదాని దగ్గరికి వెళ్లడం మిగతా శాస్త్రాల్లో మామూలే. మా రంగంలో ఎందుకో చాలా ఆలస్యంగా వచ్చింది.

గత పది వేల ఏళ్లకు ఏ లో ఐదు పొరలు, బి లో 2004 కాకుండా ఐదు. తేదీలతో పోల్చితే నాలుగు జతలు ఒకదాని హద్దుల్లో ఒకటి పడ్డాయి. ఏ లో మిగిలిన ఒకటి పగడపు తునకలతో, లోతు తక్కువ చోట బతికే గుల్లలతో నిండి ఉంది. షెల్ఫ్ మీదినుంచి వచ్చింది అని చెప్పగలం, ఎందుకు వచ్చిందో చెప్పలేం. తుఫాను కావచ్చు. బి లో మిగిలిన ఒకటి గోడ దానంతట అదే కూలినది కావచ్చు, స్థానికంగా వచ్చిన చిన్న భూకంపం కావచ్చు.

ఆ నాలుగు జతల గురించి కూడా మాట జాగ్రత్తగా రాశాం. తేదీల వెడల్పు రెండు మూడు వందల ఏళ్లు అని పైన చెప్పాను. రేడియోకార్బన్ దృష్టిలో ఒకేసారి అంటే ఒకే రోజు కాదు. ముప్పై ఏళ్ల తేడాతో రెండు చోట్ల వచ్చిన రెండు భూకంపాలు కూడా ఈ తేదీల్లో ఒకటిగానే కనిపిస్తాయి. అందుకే ఒకే భూకంపం అని రాయలేదు. ఈ రెండు బేసిన్లను విడదీయలేనంత దగ్గరి కాలంలో కదిపిన కుదుపులు అని రాశాం. వాక్యం అందంగా లేదని గైడ్ గారు విసుక్కున్నారు. సరే, అలాగే ఉంచుదాం అన్నారు చివరికి.

పెద్ద తగువు భాగహారం దగ్గర వచ్చింది. పది వేల ఏళ్లను నాలుగుతో భాగిస్తే రెండున్నర వేలు. 2004 లాంటిది రెండున్నర వేల ఏళ్లకోసారి అని రాస్తే అందరూ ఉటంకిస్తారు, పేపర్లో హెడ్డింగ్ కూడా వస్తుంది. నేను ఒప్పుకోలేదు. గీక్కుపోయినవి ఎన్నో తెలియదు. సన్నటి పొరలను పురుగులు తొలిచి కలిపేస్తాయి, అలా పోయినవి ఎన్నో తెలియదు. అడుగు అంచు రక్కినట్టుందని మేమే పక్కన పెట్టినవి ఉన్నాయి. నాలుగు అన్నది కనీసపు సంఖ్య. కనీసపు సంఖ్యతో భాగిస్తే వచ్చేది అతి పెద్ద విరామం, అంటే అతి తక్కువ భయం. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ సునామీ హెచ్చరిక కేంద్రం 2007 నుంచి పనిచేస్తోంది. అది భూకంపం వచ్చాక నిమిషాల్లో చెప్పాల్సినది చెబుతుంది. ఎన్నేళ్లకోసారి వస్తుందన్నది చెప్పాల్సింది మట్టే. ఆ మట్టి చెప్పనిదాన్ని మేం చెప్పించి, తీరంలో ఎవరో దాన్ని నమ్మి నిశ్చింతగా ఉంటే? ఆ అంకె థీసిస్‌లో లేదు.

ఇంకోసారి అయితే

మొదటి రోజే అడుగుతాను, తెలిసిన భూకంపం ఈ చోట కనిపిస్తుందా అని. అది కనిపించకపోతే ఇసుక పొరలు ఎన్ని ఉన్నా ఎర్ర పెన్ను పక్కన పెట్టిస్తాను. పొరలు ఎక్కువ ఉన్న కోర్ మంచి కోర్ అన్న భ్రమ మా అందరికీ ఉంది. ఏ లో పదకొండు ఉన్నాయని అందరూ దాని వెంట పడ్డాం. అన్ని దారులూ కలిసే చౌరస్తాలో కూర్చుని ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో చెప్పాలనుకోవడం లాంటిది అది. దారి లేని బి, ఏమీ లేని సి, ఈ రెండే కేసును నిలబెట్టాయి. ఓడ మీద ఒక రోజు ఖర్చు తెలిసినవాళ్లకు, పొరలు రావని తెలిసిన మిట్ట మీద కోర్ తీయమని అడగడం ఎంత కష్టమో కూడా తెలుసు. అయినా అడగాలి.

సదస్సులో ఆ అమ్మాయి పదకొండు అన్న అబ్‌స్ట్రాక్ట్ కిందే నిలబడి, పదకొండు కాదు అని మొదటి స్లయిడ్‌లోనే చెప్పింది. ప్రశ్నలు చాలా వచ్చాయి, కొన్ని ఘాటుగానే వచ్చాయి. థీసిస్ పట్టికలో ప్రతి పొర ఎదురుగా ఒక గడి ఉంది. నాలుగింటికి కారణాలతో సహా రాసింది, మిగతావాటికి తెలియదు అని రాసింది. బాహ్య పరీక్షకుడు విరామం ఎంత అని మూడుసార్లు తిప్పి తిప్పి అడిగారు. మూడుసార్లూ అదే గడి చూపించింది.

బి మల్టీకోర్‌లో సగం ఇంకా కోయలేదు. నాలుగు డిగ్రీల చలిలో, రెండు వరసల ప్లాస్టిక్ చుట్టి ఉంది. ఆ అమ్మాయి ఇప్పుడు వేరే చోట ఉద్యోగంలో ఉంది. కిందటి నెల తన మొదటి సొంత ప్రయాణానికి సామాన్ల జాబితా పంపి, చూడమంది. మొదటి లైన్‌లోనే మల్టీకోరర్ గొట్టాలు ఉన్నాయి, పక్కన సంఖ్య ఖాళీగా ఉంది. ఎన్ని అని అడిగాను.

"ఓడ మీద ఎన్ని పడితే అన్ని మేడం."